ఇద్దరికీ ఒకే లాయరు

రాయచోటి
జనవరి

చెల్లెలు మాబున్నీకి,

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదని కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. ఫోన్ చేస్తే మీ వదిన పక్కన కూర్చుని నాకంటే ముందే అన్నీ చెప్పేస్తుంది. వాయిస్ పెడదామంటే పరుపు బేరం చేయడానికి అంగడికి వచ్చినవాళ్ళు కూడా విని, తలా ఒక సలహా ఇచ్చి పోతారు. నువ్వూ రాసే పంపు. ఒక్కడినే ఉన్నప్పుడు చదువుకుంటాను.

ఇల్లు దొరికింది. ఏ ఇల్లో తెలిస్తే అక్కడే గంతులేస్తావు. మతీన్ సాహెబ్ ఇల్లు! మన అమ్మ ఏటేటా పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టడానికి పోయేది చూడు, ఆ ఇల్లే. నువ్వు ఆ వరండా గచ్చు మీద బోర్లా పడుకుని, చల్లగా ఉంది లేవనంటే లేవనని మొండికేసేదానివి. ఆయన రెక్కల కష్టంతో కట్టించుకున్న ఇల్లు అది. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు దావూద్ మీ సౌదీలోనే, ఖమీస్ ముషైత్‌లో టైర్ల అంగడి నడుపుతున్నాడు. ఇక ఈ ఊరికి రాడట. అమ్మేస్తానంటున్నాడు. ముందు మూడు గదులు, వరండా, పక్కన బావి, వెనకాల రెండు గదులు. వెనక గదుల్లో పాత సామాను పడేసి ఉంది, తీయించేస్తే సరిపోతుంది.

బేరం కుదిరింది. ఇక లాయరు మాట. మన ఊళ్ళో గల్ఫు వాళ్ళందరికీ కుమార్ లాయరే. సెలవు మీద వచ్చినవాళ్ళ తొందర ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ ఇంటి మీద ఇంతవరకూ ఏమేం రిజిస్టరయ్యాయో చూపించే ఈసీ కాగితం పొద్దున తీయిస్తాడు. మధ్యాహ్నానికి అంతా శుభ్రంగా ఉందని రాసిస్తాడు. మర్నాడు రిజిస్ట్రేషన్. దావూద్ తరఫున కూడా ఆయనే చూస్తున్నాడు కాబట్టి తిరుగుడు సగం తగ్గుతుంది. నువ్వు చేయాల్సింది ఒక్కటే. రియాద్ పోయి, ఎంబసీలో నా పేరు మీద పవర్ కాగితానికి ముద్ర వేయించి పంపు. నీ బదులు నేను సంతకం పెడతాను.

నేను ఇంతకుముందు చూపించిన ఇళ్ళన్నిటికీ నువ్వు ఏదో ఒక వంక పెట్టావు. దీనికి పెట్టకు.

అన్న
పీరయ్య


బురైదా
జనవరి

అన్నా,

నీ కాగితం వంటింట్లో ఫ్రిజ్ పక్కన నిలబడి చదివాను. పొయ్యి మీద అన్నం అడుగంటింది. మామా వచ్చి "ఏడుస్తున్నావా?" అని అడిగింది. ఉల్లిగడ్డలన్నాను. ఆ పూట వంటలో ఉల్లిగడ్డలే లేవు. ఆమె నాకంటే చాలా చిన్నది, అయినా ఇక్కడ ఇంటామెను మామా అనే పిలవాలి. ఇన్నేళ్ళైనా నాకు లోపల నవ్వొస్తూనే ఉంటుంది.

నిలబడినచోట నిలబడలేకపోతున్నాను అన్నా. చపాతీలు చేస్తుంటే ఆ వరండా కనబడుతుంది. గచ్చు ఇప్పటికీ ఎర్రగానే ఉందా? బావికి గిలక ఉందా? ఇల్లు చేతికి రాగానే, ఈ దేశం విడిచి పోవడానికిచ్చే ఖురూజ్ వీసా కొట్టించుకుని వచ్చేస్తాను. ఇక తిరిగి రానని చెప్పేస్తాను. వీళ్ళు మంచివాళ్ళే, నాలుగు రోజులు మొహం ముడుచుకుని పంపించేస్తారు.

కానీ ఒక్కటి మింగుడు పడలేదు. దావూద్‌కీ నాకూ ఒకే లాయరా? ఆయనకు ఇల్లు అమ్ముడుపోవాలి. నాకు కొన్న ఇల్లు నిలబడాలి. ఒకే మనిషి ఆ రెండూ ఎట్లా చూస్తాడు? నిఖాలో కూడా పిల్ల తరఫున అడగడానికి వేరే వకీలును పెడతారు కదా. ఇంటికి ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?

పక్కింట్లో పనిచేసే చిట్టెమ్మ నీకు తెలుసు, సంబేపల్లె మనిషి. శుక్రవారం రెండిళ్ళవాళ్ళూ ఖర్జూరపు తోటలో దిగితే మేమిద్దరం ఒకే పొయ్యి దగ్గర ఉంటాం. నీ కాగితం సంగతి చెప్పాను. "అమీరున్నీసా లాయరమ్మ దగ్గరికి పంపు మే" అంది. మరుదులతో భూమి వ్యాజ్యం వచ్చినప్పుడు ఈమె తరఫున ఆమే నిలబడిందట.

"గెలిచిందా?" అన్నాను.

"లేదు. ఓడిపోయింది."

"మరి ఏం చూసి చెప్తాండావే?"

"ఓడిపోతామని ముందే చెప్పింది మే. నేనే ఇన్లా. ఆ వ్యాజ్యంలో నాకు నిజం చెప్పింది ఆయమ్మ ఒక్కతే."

అన్నా, నాకు ఆమె కావాలి. వంక పెట్టడం లేదు. ఇల్లు చూసి భయపడటం లేదు, కాగితం చూసి భయపడుతున్నాను.

నీ చెల్లెలు
మాబున్నీ


రాయచోటి
ఫిబ్రవరి

మాబున్నీ,

ఓడిపోయిన లాయరును ఏరికోరి పెట్టుకున్న మొదటి మనిషివి నువ్వే. ఈ మాట మంగలంగట్లో అన్నాను, గడ్డం గీయించుకుంటున్నవాడు నవ్వి చెంప కోయించుకున్నాడు. కుమార్‌కి ఏమని చెప్పను? నన్ను చూడగానే కుర్చీ వేసి టీ తెప్పించే మనిషి ఆయన. గల్ఫు నుంచి వచ్చిన ఖయ్యూమ్ కొడుకు మొన్ననే ఆయన చేత రాయించుకున్నాడు. వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. మనకొక్కరికే ఈ అనుమానం.

అయినా నీ మాట కాదనలేక పోయాను. పాత కోర్టు సందులో మిద్దె మీద గది. పెద్దామె. మోకాళ్ళకు తైలం రాసుకుంటూ కూర్చుని ఉంది. ఈసీ, దస్తావేజు నకళ్ళు ముందు పెట్టాను. వాటిని పక్కకు జరిపి, "ఇంటికి యాట్లా పోవల్ల నాయనా, అది చెప్పు ముందు" అంది. కాగితాలు చూసి చెప్పమ్మా అంటే, "కాగితాలు యాడికీ పోవు. ఇంట్లో ఎవురుండారో చూస్తే గానీ నేను నోరిప్పను" అంది. తాళం దావూద్ మనిషి దగ్గర ఉంది, దొరికినప్పుడు చెప్తానని వచ్చేశాను. ఆ మోకాళ్ళతో ఆమె ఎక్కడికి వస్తుంది?

రోజులు గడిచిపోతున్నాయి. దావూద్‌కి వేరే బేరాలు వస్తున్నాయట. నా మాట విని పవర్ కాగితం పంపు, నేను కుమార్ చేత ముగించేస్తాను. మీ వదిన అప్పుడే నీకోసం కిటికీ తెరల గుడ్డ చూసి పెట్టింది. ఆమెకు తెరలు, నాకు తలనొప్పి.

పీరయ్య


బురైదా
మార్చి

అన్నా,

రంజాన్ వంటలతో ఊపిరాడటం లేదు. సమోసాలు చుడుతూ చుడుతూ నీ ఉత్తరం గురించే ఆలోచిస్తున్నాను. తాళం ఇంకా దొరకలేదా?

దావూద్ ఖమీస్ నుంచి ఫోన్ చేశాడు. నా నంబరు నువ్వే ఇచ్చి ఉంటావు. "చెల్లెమ్మా, నేను నీ అన్నలాంటోన్ని. పండగ లోపల ముగించుకుంటే ఇద్దరికీ బాగుంటాది" అన్నాడు. గొంతులో తేనె కారుతోంది. బావి సంగతి, కరెంటు సంగతి అన్నీ అడిగాను, చక్కగా చెప్పాడు. వెనక గదుల్లో ఏముందని అడిగాను.

"ఏముంటాది చెల్లెమ్మా, ఖాళీ. గాలి తిరుగుతాంటాది" అన్నాడు.

నువ్వేమో పాత సామాను ఉందని రాశావు. ఆయనేమో గాలి తప్ప ఏమీ లేదంటున్నాడు. చిన్న తేడానే, నాకు తెలుసు. కానీ ఆ ఫోన్ పెట్టినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఇఫ్తార్‌కి అందరూ తింటుంటే నేను గిన్నెలు కడుగుతూ కూర్చున్నాను. ఇల్లు చేజారిపోతుందేమోనని ఒక భయం, చేతికొస్తుందేమోనని ఇంకో భయం. ఇదేం పిచ్చో నాకే అర్థం కావడం లేదు.

అందుకని నేనే అమీరున్నీసాగారికి ఫోన్ చేశాను. చిట్టెమ్మ నంబరిచ్చింది. నా తరఫున చూడమన్నాను, ఒప్పుకుంది. మా అన్న తాళం కోసం చూస్తున్నాడంటే నవ్వింది. "తలుపు తట్టేదానికి తాళమెందుకమ్మా" అంది. ఆటో పిలిపించుకుని ఆమే పోతుందట. నీకు కోపం వస్తుందని తెలుసు. ఆమె చూసి సరే అనేవరకూ నేను రియాద్ పోను, పవర్ కాగితం పంపను.

కోపం తగ్గాక రాయి.

మాబున్నీ


రాయచోటి
ఏప్రిల్

మాబున్నీ,

పండగ పూట కూడా నీతో మాట్లాడలేదు. మాట్లాడితే అరిచేవాణ్ణి. అన్న ఒకడు ఇక్కడ ఉండగా వాడి తల మీదుగా లాయరుకు ఫోన్ చేస్తావా? నీ లాయరమ్మ ఆటో దిగి, ఆ సందులో వాళ్ళందర్నీ పలకరించి, వెనక వాకిలి తట్టి, లోపల కూర్చుని టీ కూడా తాగి వచ్చిందట. సాయంత్రానికి దావూద్ మనిషి నా అంగడి ముందు నిలబడి, "ఏం పీరన్నా, మా మీద పోలీసుల్ని పంపిస్తాండావా?" అన్నాడు. పరుపులు కొనేవాళ్ళు నన్నే చూశారు.

సరే, ఎలాగూ నీకు తెలుస్తుంది కాబట్టి రాస్తున్నాను. వెనక గదుల్లో ఒక ముసలామె ఉంటోంది. మేరాజ్ బేగం, దావూద్‌కి మేనత్త. దిక్కులేని మనిషని వాళ్ళే ఉండనిచ్చారు. ఆమెకు కాగితం లేదు, పన్ను రసీదు లేదు, ఏమీ లేదు. ఇల్లు అమ్మితే దావూద్ ఆమెను ఎక్కడో ఒకచోట చేరుస్తానంటున్నాడు. ముందే చెబితే నువ్వు బెదిరిపోతావని చెప్పలేదు. అంతకుమించి ఏమీ లేదు.

కుమార్ రాసిచ్చిన కాగితం ఫోటో పంపుతున్నాను. చదువుకో. ఈసీ శుభ్రం, దస్తావేజులు శుభ్రం, దావూద్‌కి పూర్తి హక్కు ఉందని సంతకం పెట్టి ముద్ర వేశాడు. చదువుకున్న లాయరు ముద్ర వేస్తే నీకు నమ్మకం లేదు, టీ తాగి వచ్చినామె మీద నమ్మకం!

పీరయ్య


బురైదా
మే

అన్నా,

అమీరున్నీసాగారు ఫోన్ చేశారు. ముందు ఇల్లు ఎట్లా ఉందో చెప్పారు. గచ్చు ఎర్రగానే ఉందట. తర్వాత మేరాజ్ బేగం సంగతి. ఆ రెండు గదులు తనవేనని, తన అన్న మతీన్ సాహెబ్ తనకు ఇచ్చేశాడని ఆమె అంటోందట.

"కాయితం లేదమ్మా" అన్నారు లాయరమ్మ. "మన ముసల్మానుల్లో నోటి మాటతో ఇచ్చినా చెల్లుతాది. ఇచ్చినానని ఆయన అనల్ల, తీసుకున్నానని ఆమె అనల్ల, చేతికి అప్పగించల్ల. అయినంక రిజిస్టరు చెయ్యకపోయినా అది ఆమెదే. అందుకే ఈసీలో కనపడదు. కుమార్ అబద్ధం రాయలా, ఈసీలో ఉండేది రాసినాడు. కానీ చూసినోళ్ళు కావల్ల గదా? కూర్చున్న పెద్దోళ్ళందరూ పోయినారు. పరుపులు కుట్టే ఆమె పిల్లోళ్ళు ఇద్దరు ఉండిరి, వాళ్ళు యాడుండారో ఏమో అంటాది మేరాజ్ బేగం."

ఆ తర్వాత ఆమే అడిగింది. "నీ చిన్నప్పుడు మీ అమ్మ ఏం పని చేస్తాండె తల్లీ?"

అన్నా, ఫోన్ నా చేతిలోంచి జారి సింకులో పడింది.

ఆ రోజు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. అమ్మ సాహెబ్ ఇంటి వాకిట్లో దూది ఏకుతోంది. గాలికి ఎగరకుండా నన్ను చాప అడ్డం పట్టుకోమంది. నువ్వు సూదికి దారం ఎక్కిస్తున్నావు. మేరాజ్ బేగం పెళ్ళి చెడి పెట్టె పట్టుకుని వచ్చేసి కొన్నాళ్ళయింది. సాహెబ్ పెద్దల్ని పిలిపించి కూర్చోబెట్టి, "ఈ ఎనక రెండు గదులు నా చెల్లెలికి ఇచ్చేసినా. ఈ పొద్దు నుంచి ఇవి ఆమెవి, నావి కావు" అన్నాడు. ఆమె కొంగు కప్పుకుని "తీసుకున్నా" అంది. ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, గడప దాటి బయటికొచ్చి నిలబడ్డాడు. నిలబడి, "లోపలికి రావచ్చునా తల్లీ?" అని తన చెల్లెల్నే అడిగాడు. అందరూ నవ్వారు. తర్వాత ఖర్జూరాలు పంచారు. మనకూ పెట్టారు. నువ్వు గింజ బావిలో ఉమ్మేశావని అమ్మ నీ వీపు మీద ఒకటి వేసింది.

ఇంత తెలిసి "పాత సామాను" అని ఎట్లా రాశావు అన్నా? మనిషిని పట్టుకుని సామాను అంటావా? నాకు నీ మీద కోపంగా ఉంది. ఈ ఊళ్ళో ఎటు చూసినా ఖర్జూరపు తోటలే. కిటికీ తెరిచినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తోంది.

మాబున్నీ


రాయచోటి
మే

చెల్లీ,

అవును, గుర్తుంది. వీపు మీద దెబ్బ కూడా గుర్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది. నీ పెళ్ళి చెడినప్పుడు నువ్వూ పెట్టె పట్టుకుని నా ఇంటికే వచ్చావు. అంగడి వెనకాల ఒక్క గది. అందులో నేను, మీ వదిన, పిల్లలు, దూది మూటలు. నువ్వు మూటల మధ్య పడుకునేదానివి. మతీన్ సాహెబ్ తన చెల్లెలికి రెండు గదులిచ్చాడు. నేను నా చెల్లెలికి విమానం టిక్కెట్టు ఇప్పించాను. ఆ సందులో పోతూ ఆ ఇల్లు చూసిన ప్రతిసారీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. అది అమ్మకానికి వచ్చిందని తెలిసిన రోజు, ఈ ఇల్లు నా చెల్లెలిది అయి తీరాలనుకున్నాను. అంతే. ఆ ముసలామె సంగతి ఆలోచించదలుచుకోలేదు.

ఇప్పుడు ఆలోచించి చెబుతున్నాను, కోపం పక్కన పెట్టి విను. మనం వద్దంటే దావూద్ ఇంకొకడికి అమ్ముతాడు. ఆ కొన్నవాడు మేరాజ్ బేగాన్ని సామానుతో సహా బయట పెడతాడు. అదే నువ్వు కొంటే ఆమెను ఉండనిస్తావు. నీకు ఇల్లు ఉంటుంది, ఆమెకు గదులు ఉంటాయి. మనం నోరు విప్పాల్సిన పని లేదు. ఎవరికి నష్టం? నోరు విప్పామా, ఇల్లు కోర్టుకెక్కుతుంది. నువ్వు ఇంకొన్నేళ్ళు అక్కడే ఉల్లిగడ్డలు లేకుండా ఏడుస్తూ ఉంటావు.

నువ్వు రావాలి మాబున్నీ. నాకు వేరే న్యాయం తెలియదు.

అన్న


బురైదా
జూన్

అన్నా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఒకసారి నువ్వు చెప్పిందే నిజమనిపించింది, ఇంకోసారి కాదనిపించింది. తోటకు పోయినప్పుడు చిట్టెమ్మకు చదివి వినిపించాను. ఆమె గిన్నె తోముతూ, "మీ యన్న మంచోడు మే, అందుకే ఇంత చిక్కు" అంది.

టిక్కెట్టు ఇప్పించినందుకు నేను ఏ రోజూ నిన్ను తప్పు పట్టలేదు. ఆ దూది మూటల మధ్య నిద్ర బాగా పట్టేది. ఇది మనసులో పెట్టుకోకు.

కానీ నీ మాట మీద నాకొక జవాబుంది. నేను కొని ఆమెను ఉండనిస్తే, అది నా దయ అవుతుంది. అవి ఆమె గదులు అన్నా, ఆమెకు నా దయ ఎందుకు? నేను ఇన్నేళ్ళుగా ఒకరి దయ మీద ఒక గదిలో ఉన్నాను. ఏసీ ఉంది, మంచం ఉంది. బాగానే చూసుకుంటారు. కానీ ఆ గది తలుపుకు లోపల గడియ లేదు. పిల్లలు ఎప్పుడైనా తోసుకుని రావచ్చు, మామా ఎప్పుడైనా రావచ్చు. పడుకున్నప్పుడు కూడా ఒక కన్ను తలుపు మీదే ఉంటుంది. మేరాజ్ బేగానికి ఆమె అన్న గడియ ఇచ్చాడు. దాన్ని నేను ఊడబీకలేను.

దావూద్‌తో మాట్లాడాను. ముందు గదులు మాత్రమే అమ్మమన్నాను. "ముక్కలు కోసి అమ్మేదానికి ఇల్లేమన్నా గుమ్మడికాయా?" అని అరిచాడు. ఈసారి తేనె లేదు, చెల్లెమ్మా లేదు. నేను చూసింది చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాడు.

మామాను అడిగి, డ్రైవరు కాషిఫ్ కారులో రియాద్ పోయాను. ఎంబసీలో ముద్ర వేయించింది నీ పేరు మీద పవర్ కాగితానికి కాదు. ఆ రోజు ఏం చూశానో, ఏం విన్నానో రాసి సంతకం పెట్టిన కాగితానికి. ఏ ఇంటి కోసం ఆ ఎంబసీ వాకిలి తొక్కాలనుకున్నానో, ఆ ఇంటినే వదులుకోవడానికి తొక్కాను. వచ్చే దారిలో కాషిఫ్, "మకాన్ మిల్ గయా, బాజీ?" అన్నాడు, ఇల్లు దొరికిందా అక్కా అని. కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక స్నానాల గదిలో నీళ్ళు తిప్పి గట్టిగా ఏడ్చాను.

కాగితం అందాక అమీరున్నీసాగారు ఫోన్ చేశారు. "ఇంక నేను నీ లాయర్ని కాదు తల్లీ" అన్నారు. "నీ కాయితం పట్టుకోని మేరాజ్ బేగం పక్కన నిలబడల్ల. ఆమె పక్కన నిలబడితే నీ పక్కన నిలబడకూడదు. ఇద్దరికీ ఒకే లాయరు వద్దని నువ్వే గదా అంటివి."

చూశావా, అంత గొడవపడి వెతుక్కున్న లాయరమ్మ కూడా పోయింది.

ఒక్కరి మాట కంటే ఇద్దరి మాటకు బలమట. రెండో మనిషివి నువ్వే. నేను బలవంతం చేయను. నువ్వు సాక్ష్యం చెప్పడానికి పోకపోయినా నా అన్నవే.

మాబున్నీ


రాయచోటి
సెప్టెంబరు

చెల్లీ,

మూడు నెలలు ఉలుకూ పలుకూ లేనందుకు తిట్టుకుని ఉంటావు. రాద్దామని కూర్చుంటే చేయి కదల్లేదు. పని అయ్యాక రాద్దామని ఊరుకున్నాను.

ఆ సందులోకి పోవడం, మూల దాకా వెళ్ళి వెనక్కి రావడం. ఇదే కొన్నాళ్ళు నడిచింది. మీ వదిన, "దోవలో ఏమన్నా పారేసుకున్నావా, రోజూ అట్లే తిరుగుతాండావు?" అని అడిగింది. చివరికి ఒక రోజు వెనక వాకిలి ముందు నిలబడ్డాను. తలుపు తీసే ఉంది. మేరాజ్ బేగం లోపల బియ్యం ఏరుకుంటోంది. ఏం అనాలో తెలియక, "లోపలికి రావచ్చునా అమ్మా?" అన్నాను. ఆ మాటే వచ్చింది నోటికి. ఆమె చేట పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "దూదేకులామె కొడుకువా నువ్వు? బాయిలో గింజ ఊసినోడివి గదా!" అంది. నేను గడప మీదే కూర్చుని ఏడ్చాను చెల్లీ. నా వయసుకు సిగ్గుండాలి.

అమీరున్నీసాగారి గదికి పోయి నేను చూసింది కూడా రాసి సంతకం పెట్టాను. కుమార్ ఇప్పుడు నన్ను చూసి టీ తెప్పించడు, రోడ్డుకు అటుపక్క నడుస్తాడు. దావూద్ మనుషులు అంగడి మీదికి రెండు మూడు సార్లు వచ్చి అరిచిపోయారు. ఊళ్ళో సంగతి పాకింది. కొనడానికి వచ్చినవాళ్ళందరూ వెనక గదుల పేచీ విని ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఖరికి కుమారే దావూద్‌కి చెప్పాడట, ఆ గదులు ఆమెకు వదిలేసి ముందు గదులు అమ్ముకొమ్మని. ఆయన కూడా చెడ్డవాడు కాదులే, కాగితం దాటి చూసే అలవాటు లేనివాడు.

నిన్న దావూద్ మనిషి అంగడికి వచ్చాడు. ఈసారి అరవలేదు. పరుపు మీద చెయ్యి వేసి నొక్కి చూస్తూ, "మీ చెల్లెలు ముందు గదులు ఇంకా అడుగుతాందా?" అన్నాడు.

ఇంకా ఏదీ తేలలేదు. దావూద్ ఎప్పుడు ఏమంటాడో తెలియదు. బావి ఎవరిదో, దానికి దోవ ఎటో తేల్చుకోవాలి. ఈ లోపల మనకు లాయరు కావాలి. కుమార్ దగ్గరికి నేను పోను. అమీరున్నీసాగారు మేరాజ్ బేగం తరఫున మనకు ఎదురు కూర్చుంటుంది. సిగ్గు విడిచి ఆమెనే అడిగాను, ఎవరి దగ్గరికి పోవాలని.

ఆమె మోకాలు రుద్దుకుంటూ, "ఉదయకిరణ్ అనే పిల్లోడు ఉండాడు. చిట్టెమ్మ వ్యాజ్యంలో నన్ను ఓడించింది వాడే. ఒక్క అబద్ధం చెప్పకుండా ఓడించినాడు, పో" అంది.

పోయాను. కాగితాలు ముందు పెట్టబోతే చేయి అడ్డం పెట్టి, "ఇల్లు యాడుంది? నడిచి పోదామా?" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. చిట్టెమ్మకు చెప్పు, ఆమెను ఓడించినవాణ్ణే మనం పెట్టుకుంటున్నామని. తిట్టుకున్నా సరే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. దావూద్ సరేనంటే పవర్ కాగితం నా పేరు మీద రాయించకు. నాకు వద్దు. నువ్వే ఖురూజ్ కొట్టించుకుని రా. రిజిస్ట్రారు ముందు నువ్వే కూర్చుని, నీ చేత్తో సంతకం పెట్టు.

ఉదయకిరణ్‌తో ఇల్లు చూడటానికి పోయినప్పుడు ముందు గదుల తలుపులన్నీ లోపలి నుంచి వేసి చూశాను. వీధి గది తలుపుకు గడియ ఊడిపోయి ఉంది. వచ్చే దారిలో ఒక కొత్త ఇత్తడి గడియ కొన్నాను. ఇల్లు మనదో కాదో తెలియకముందే గడియ కొన్నానని మీ వదిన పొద్దున్నుంచి నవ్వుతూనే ఉంది.

అన్న
పీరయ్య